డబ్బా ఆగిన రోజు

(మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

పోయిన నెల కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "నీకు తెలిసిన విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే, నెట్‌వర్కుల పని. ముప్పై ఏళ్ళుగా అదే తింటున్నాను, అదే తాగుతున్నాను. దాని గురించి సభలో మాట్లాడితే భోజనాల టైము కాకముందే జనం లేచిపోతారని చెప్పాను. "లేదన్నా, ఎటూ బడికి రూటరు కొనబోతున్నాం, ఏది కొనాలో అదే చెప్పు" అన్నారు. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపారు. ఒక రూటరు, దానికి మూడేళ్ళ లైసెన్సు, పన్నులతో కలిపి 1,85,000 రూపాయలు. స్వర్ణోత్సవ నిధి నుంచి. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ఒక్క కాగితం గురించే.

ముందుగా, రూటరు అంటే ఏమిటో తెలియని పెద్దలు చాలామంది ఉన్నారిక్కడ. మేం చదువుకునే రోజుల్లో ఖమ్మంలో ఉన్న బంధువులతో మాట్లాడాలంటే పోస్టాఫీసుకు వెళ్ళి ట్రంక్ కాల్ బుక్ చేసి బల్ల మీద కూర్చునేవాళ్ళం. లోపల ఎవరో ఒకరు తీగలు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో గుచ్చితే తప్ప మన మాట ఊరు దాటేది కాదు. ఆ తీగలు గుచ్చే మనిషి చేసే పనే రూటరు చేస్తుంది. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే బస్టాండులో కంట్రోలర్ గారిని చూడండి. ఆయన బస్సు నడపడు, రోడ్డు వేయడు. వచ్చిన బస్సు సత్తుపల్లి వైపు పోవాలా, జీలుగుమిల్లి వైపు పోవాలా, వినాయకపురం మీదుగా పోవాలా చూసి చీటీ రాసి పంపుతాడు. ఆయన కుర్చీలో లేని పూట బస్సులన్నీ ఉన్నా, రోడ్లన్నీ బాగున్నా, మనం మాత్రం బెంచీ మీదే ఉంటాం.

ఈ యంత్రాల చరిత్రలో ఒక సరదా సంగతి ఉంది. మొట్టమొదటి రూటరు అనదగ్గ యంత్రం 1969 ఆగస్టు చివర్లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరింది. బీరువా అంత ఉండేది. దాన్ని సైన్యం వాడే సామాన్ల మాదిరి దళసరి ఉక్కు పెట్టెలో బిగించి పంపారు. ఎందుకయ్యా అంటే, కుతూహలం ఆపుకోలేక విప్పి చూసే విద్యార్థుల చేతుల నుంచి కాపాడటానికట. అంటే పిల్లల మీద అనుమానంతోనే మొదలైంది ఈ కథ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకుండా మీకు సలహా ఇచ్చే హక్కు నాకు లేదు.

పదేళ్ళు దాటింది. కోస్తాలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ సంస్థకు నెట్‌వర్కు పెట్టించే బాధ్యత నాకిచ్చారు. పేరు చెప్పను. రెండు షెడ్లు, ఒక ఆఫీసు, మూడు వందల మంది దాకా పనివాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు. నేనప్పుడు మంచి హుషారులో ఉన్నాను. కేటలాగులో ఉన్నవాటిలో పెద్దది ఎంచుకున్నాను. హైదరాబాదులో కూర్చుని అక్కడి రూటరును తెర మీద చూడొచ్చు, ఎవరు ఏం వాడుతున్నారో రంగురంగుల బొమ్మలు కనిపిస్తాయి. యజమానికి చూపిస్తే ఎంతో మురిసిపోయాడు. దానికి మూడేళ్ళ లైసెన్సు కట్టాం. లైసెన్సు గడువు దాటితే ఆ డబ్బా పనిచేయడం మానేస్తుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను చదివాను. మూడేళ్ళు కదా, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

రెండో ఏడు నేను ఉద్యోగం మారాను. గడువు దగ్గర పడుతోందని వచ్చే మెయిళ్ళన్నీ నా పాత అడ్రసుకే వెళ్ళాయి. ఆ పెట్టె తెరిచేవాళ్ళే లేరు. ఒక శనివారం పొద్దున డబ్బా ఆగింది. కరెంటు ఉంది, ఇంటర్నెట్ లైను ఉంది, దీపాలు వెలుగుతున్నాయి, ఒక్క ముక్క ముందుకు పోదు. హాజరు లెక్క మెయిన్ ఆఫీసుకు పోతే తప్ప వారం కూలి బ్యాంకులో పడదు. స్టోర్స్ చూసే కుర్రాడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక సాయంత్రం దాకా తంటాలు పడి చివరికి నా నంబరు పట్టుకున్నాడు. నేను పెళ్ళిలో ఉన్నాను. చేతిలో పాస్‌వర్డు లేదు, లైసెన్సు ఎవరి పేరున ఉందో గుర్తు లేదు. కూలి మంగళవారం పడింది. మధ్యలో ఆదివారం సంత పోయింది. ఆ వారం అక్కడ పనిచేసే ఒక అమ్మ సూపర్‌వైజరును, "డబ్బా ఆగితే మా డబ్బు ఎందుకాగింది బాబూ?" అని అడిగిందట. ఆ కుర్రాడు నవ్వుతూ చెప్పాడు ఫోన్‌లో. నాకు నవ్వు రాలేదు. యంత్రంలో లోపం లేదు. అమ్మిన కంపెనీ దాచిపెట్టిందీ లేదు. ఎంపిక నాది.

అప్పటినుంచి ఎవరు రూటరు గురించి అడిగినా నేను మొదట అడిగే ప్రశ్న వేగం ఎంత అని కాదు. ఇది ఆగిన రోజు అక్కడ ఎవరుంటారు, వాళ్ళ చేతిలో ఏముంటుంది అని అడుగుతాను. ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే కేటలాగు తెరుస్తాను.

పెద్ద డబ్బా కొనడం నా ఒక్కడి జబ్బు కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అని కొండలు, అడవులు, బొగ్గు గనులు ఉన్న రాష్ట్రం ఉంది. మన కొత్తగూడెం లాంటి ప్రాంతం అనుకోండి. 2010లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో అక్కడ బడులకు, లైబ్రరీలకు, పోలీసు స్టేషన్లకు 1,164 రూటర్లు కొన్నారు. అన్నీ ఒకే రకం, సిస్కో 3945. ఒక్కొక్కటి 20,000 డాలర్లకు పైనే. మొత్తం 2 కోట్ల 40 లక్షల డాలర్లు. వందలమంది పనిచేసే చోట పెట్టాల్సిన యంత్రం అది. నాలుగైదు కంప్యూటర్లున్న చిన్న చిన్న లైబ్రరీల్లో కూడా దాన్నే పెట్టారు. 2013 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర శాసనసభ ఆడిటర్ నివేదిక ఇచ్చాడు. లక్షల డాలర్లు వృథా అయ్యాయని తేల్చాడు. ఏ చోట ఎంతమంది వాడతారో, ఎంత అవసరమో ముందుగా ఎవరూ లెక్క వేయలేదని కూడా రాశాడు. నాకు డబ్బు కంటే ఆ రెండో మాట ఎక్కువ గుచ్చుకుంది. లెక్క వేయడానికి ఒక మనిషి, ఒక నోటు పుస్తకం, ఒక పూట చాలు.

అందుకే నిన్న పొద్దున నేను నోటు పుస్తకం పట్టుకుని బడికి వెళ్ళాను. హెడ్‌మాస్టరు గారు దగ్గరుండి చూపించారు. ల్యాబులో 20 కంప్యూటర్లున్నాయి, 17 పనిచేస్తున్నాయి. ఆఫీసులో మూడు. టీచర్ల ఫోన్లు పదహారు. నాలుగు కెమెరాలున్నాయి గానీ వాటి రికార్డింగు లోపలే జరుగుతుంది, ఇంటర్నెట్‌తో పనిలేదు. లైను 100 ఎంబీపీఎస్ ఫైబర్. అందరూ ఒకేసారి వీడియో పాఠం పెట్టుకున్నారనుకుందాం. ఒక్కో వీడియోకు సుమారు 3 ఎంబీపీఎస్. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. ఆఫీసుకు, ఫోన్లకు మరో పది పదిహేను. అరవై అయిదు దగ్గర ఆగుతుంది. మన లెక్కల మాస్టారు ముందే ఉన్నారు, తప్పుంటే దిద్దమని మనవి.

అంటే మనకు వచ్చే నీళ్ళే వంద బిందెలు, వాడేది అరవై అయిదు. కొటేషన్‌లో ఉన్న యంత్రం అయిదు వందల మంది కోసం తయారైంది. వందెకరాల చెరువుకు పెట్టే తూము తెచ్చి పెరటి తొట్టికి బిగించినట్టు.

మరి అలాంటప్పుడు బడిలో నెట్ ఎందుకు ఏడుస్తోంది? ఇది అసలు ప్రశ్న. పోయినేడు జరిగిన సంగతి ఒక టీచరమ్మ చెప్పారు. ఒక ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్ దరఖాస్తు చివరి రోజు. నలుగురు ఆడపిల్లలు, అడవి దగ్గరి గూడేల నుంచి వచ్చే పిల్లలు, ల్యాబులో కూర్చున్నారు. ఫోటో ఎక్కించే చోట పేజీ తిరుగుతూనే ఉంది. గంటన్నర చూసి, ఆ టీచరమ్మ తన డబ్బుతో ఆటో మాట్లాడి వాళ్ళను సెంటరులో నెట్ షాపుకు తీసుకెళ్ళారు. అయిదు నిమిషాలు మిగిలి ఉండగా పని అయింది. ఆ టీచరమ్మ ఇక్కడే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు.

ఆ రోజు లైను పోలేదు. లైను బాగానే ఉంది. నేను నిన్న అదే పరిస్థితి మళ్ళీ తెప్పించి చూశాను. రెండు ఫోన్లలో ఫోటోలు బ్యాకప్ పెట్టాను, రెండు కంప్యూటర్లలో అప్‌డేట్ మొదలుపెట్టాను. అంతే, పక్క కంప్యూటర్లో పేజీ తిరగడం మొదలైంది. కనెక్షన్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన డబ్బానే ఇప్పుడు బడిలో రూటరుగా వాడుతున్నారు. దానికి వరస పెట్టడం రాదు.

ఇది మన ఊరివాళ్ళకు చెప్పడం తేలిక. పామాయిల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర సీజనులో గెలల ట్రాక్టర్లు ఎంత బారు తీరుతాయో తెలుసు కదా. ఆ బారు వెనకాల ఒక టీవీఎస్ బండి మీద ఒకాయన వచ్చాడు. లోపల ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పోవాలి, అంతే పని. గేటు దగ్గర మనిషి తెలివైనవాడైతే పక్కనుంచి పోనిస్తాడు, ట్రాక్టరుకు అర నిమిషం కూడా ఆలస్యం కాదు. తెలివిలేనివాడైతే, "వరసలో రా" అంటాడు, టీవీఎస్ ఆయన సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు. ఆ పిల్లల దరఖాస్తు టీవీఎస్ బండి. ఫోటోల బ్యాకప్ ట్రాక్టర్ల బారు. వరస తెలివిగా పెట్టే పద్ధతులు నెట్‌వర్కుల్లో వచ్చి చాలా కాలమే అయింది. ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి కూడా ఎక్కింది. కొన్ని వేలల్లో దొరికే చిన్న రూటర్లలో ఇది ఉంటుంది. ఖరీదైన వాటిలో కొన్నింటిలో ఉండదు. కాబట్టి అమ్మేవాళ్ళను అడగాల్సిన మొదటి మాట, "లైను నిండిపోయినప్పుడు చిన్న పనిని ముందుకు పోనిస్తుందా?"

రెండో మాట డబ్బా మీద రాసిన అంకె గురించి. వెయ్యి ఎంబీపీఎస్ అని అట్ట మీద రాస్తారు. అబద్ధం కాదు, కానీ ఆ కొలత పెద్ద పెద్ద పొట్లాలతో కొలిచింది. ఇంటర్నెట్‌లో సమాచారమంతా పొట్లాలుగా పోతుంది. ఒక్కోటి పెద్దదైతే 1500 బైట్లు, చిన్నదైతే 64. కంట్రోలర్ గారికి యాభై మంది ఎక్కిన బస్సుకైనా ఒక చీటీయే, ఒక్కడు కూర్చున్న మోపెడ్‌కైనా ఒక చీటీయే. మన 100 ఎంబీపీఎస్ లైనే పెద్ద పొట్లాలతో నిండితే సెకనుకు సుమారు 8,100 చీటీలు రాయాలి. చిన్న పొట్లాలతో నిండితే 1,48,800. అదే లైను, పని పద్దెనిమిది రెట్లు. దీనికి తోడు ప్రతి బండిని ఆపి డిక్కీ తెరిచి చూడమన్నామనుకోండి, అంటే ఫైర్‌వాల్, పిల్లలు చూడకూడని సైట్ల వడపోత వగైరా పెట్టామనుకోండి, వేగం ఇంకా పడిపోతుంది. అందుకని "అన్నీ ఆన్ చేశాక ఎంత వస్తుంది?" అని అడగాలి. మనకు అన్నీ ఆన్ చేశాక 200 వస్తే చాలు. రేపు లైను రెట్టింపు చేసినా సరిపోతుంది.

ఇక ఎండలు, ఉరుములు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు దీని గురించి చెప్పక్కరలేదు గానీ కేటలాగు రాసేవాళ్ళకు ఈ ఊరు తెలియదు. మామూలు రూటర్లు చాలావరకు 40 డిగ్రీల దాకా పనిచేస్తాయని రాసి ఉంటుంది. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మే నెల ఎంత ఉంటుందో మీ ఒంటికి తెలుసు. ఇప్పుడు ఆ డబ్బా పెట్టిన గదికి పైన రేకులు, డబ్బా ఉన్నది తలుపు వేసిన చెక్క అల్మరాలో. మే నెలలో బడి లేదు కదా అనకండి, ఫలితాలు, ప్రవేశాలు, దరఖాస్తులు అన్నీ అప్పుడే. దాన్ని స్లాబు గదిలోకి మార్చి, గోడకు మనిషి ఎత్తున, గాలి ఆడేలా బిగించాలి. దీనికయ్యే ఖర్చు రెండు మేకులు. బల్లులు దూరకుండా వెనకాల సన్న జాలీ.

ఉరుములు ఇంకో రకం శత్రువు. పాత బిల్డింగు నుంచి కొత్త బ్లాకుకు రాగి లాన్ కేబులు వేప చెట్టు మీదుగా లాగారు. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంట వోల్టేజి లోపలికొచ్చి రెండు వైపుల యంత్రాలనూ కాలుస్తుంది. ఎక్కడైనా రూటరు కాలిపోయిందని నన్ను పిలిస్తే నేను ముందు రెండు బిల్డింగుల మధ్య తీగ ఏదో చూస్తాను. సగం కేసులు అక్కడే తేలతాయి. గాజు తీగలో కరెంటు పారదు. అందుకని ఆ ఎనభై మీటర్లకు ఫైబర్ వేసి రెండు చివర్లా మార్చే చిన్న పెట్టెలు పెట్టుకోవాలి. ఎర్తింగ్ కూడా ఒకసారి చూపించాలి. నేను చూసిన గుంత ఎండిపోయి ఉంది.

కరెంటు పోతే? చిన్న రూటరు, ఫైబరు డబ్బా రెండూ కలిపి 20 వాట్లు తినవు. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. కాగితం మీద నాలుగు గంటలు, నిజానికి మూడు గంటలు అనుకోండి. కొటేషన్‌లో ఉన్న పెద్ద యంత్రానికి అదే బ్యాటరీ గంట కూడా రాదు.

లైను తెగితే? మన వైపు ఫైబర్ ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. 2011 అక్టోబరులో కేంద్రం పంచాయతీలకు ఫైబర్ పథకాన్ని ఆమోదించింది, అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కాలవల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఒకే తవ్వకానికి రెండు పనులు, నాకు చాలా నచ్చిన ఆలోచన అది. కానీ ఫైబర్ ఎవరిదైనా సరే, రోడ్డు పక్కన జేసీబీ పెట్టి తవ్వేవాడికి కింద ఏముందో తెలియదు. తెగితే అతికించేవాళ్ళు రావడానికి ఒక పూట పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. కాబట్టి రూటరుకు రెండో దారి ఉండాలి. ఒక 4జీ సిమ్ పెట్టుకునేలా ఉండాలి, ఫైబర్ పోగానే దానంతట అదే సిమ్ మీదికి పోవాలి. ఆ కాసేపు వీడియోలు బందు పెట్టి ఆఫీసు పని, దరఖాస్తులు మాత్రమే పోనివ్వాలి.

దొంగల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే వైరస్ 54 దేశాల్లో 5 లక్షల చిన్న రూటర్లలో దూరిందని బయటపడింది. ఇళ్ళల్లో, చిన్న ఆఫీసుల్లో రూటర్లు ఒకసారి ఆపి మళ్ళీ వేయమని అమెరికా ఎఫ్‌బీఐ జనాన్ని కోరాల్సి వచ్చింది. ఇలాంటివి దూరడానికి దారి ఇచ్చేది ఎక్కువగా పాత సాఫ్ట్‌వేర్, మార్చని పాస్‌వర్డు. అందుకని కొనేముందు, ఈ మోడలుకు ఇంకా ఎన్నేళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తారు, దానికి డబ్బు అడుగుతారా అని అడగాలి. నిన్న ఇక్కడి డబ్బా పాస్‌వర్డు నేను మొదటి ప్రయత్నంలోనే కనుక్కున్నాను. ఏమిటో చెప్పను, మీరూ కనుక్కోగలరు. ఆఫీసు కంప్యూటర్లలో మీ మనవళ్ళ, మనవరాళ్ళ మార్కులు, ఆధార్ నంబర్లు ఉన్నాయి. ల్యాబు ఒక దారిలో, ఆఫీసు ఒక దారిలో, టీచర్ల ఫోన్లు ఇంకో దారిలో పోయేలా విడదీయాలి. ల్యాబులో కూర్చున్న పిల్లవాడికి ఆఫీసు కంప్యూటరు అసలు కనిపించకూడదు. చిన్న రూటర్లే ఈ పని చేస్తాయి, చేయించుకోవాలి అంతే.

డాలస్‌లో ఉన్న మన తమ్ముడొకరు, "అన్నా, నేను ఇక్కణ్ణుంచి మంచిది పంపిస్తాను" అన్నాడు. అతని మనసు బంగారం. కానీ నాయనా, వైఫై చానళ్ళకు దేశానికో నిబంధన ఉంది, అక్కడి డబ్బా అక్కడి చానళ్ళకు బిగించి ఉంటుంది. ప్లగ్గు వేరు. చెడిపోతే వారంటీ డాలస్‌లో. నువ్వు ఆ డబ్బు పంపు, వస్తువు ఖమ్మంలో కొందాం.

కొటేషన్ ఇచ్చిన కుర్రాణ్ణి కూడా ఎవరూ తప్పు పట్టకండి. నేను అతనితో మాట్లాడాను. "స్వర్ణోత్సవం, మంచిది ఇవ్వు" అని మనవాళ్ళు అడిగారు, మంచిది ఇచ్చాడు. ఎంతమంది, ఏం పని అని మనం చెప్పలేదు. చెప్పాక అతనే తీసి చూపించాడు, పది వేల లోపు రకాలు.

నేను చెప్పేది ఇది. పది వేల లోపు రూటరు, వరస పెట్టడం వచ్చినది, ఏటేటా లైసెన్సు అడగనిది, ఒకే మోడలు రెండు కొందాం. ఒకటి గోడ మీద, ఒకటి అదే అమరికతో హెడ్‌మాస్టరు గారి బీరువాలో. 20,000. ఉచిత డబ్బాను రూటరు పని మాన్పించి కేవలం ఫైబర్ మార్చే పెట్టెగా ఉంచుదాం, లేకపోతే ఒక దాని వెనక ఒకటి రెండు రూటర్లు అయి గందరగోళం. వైఫై కోసం వేరే మూడు యాక్సెస్ పాయింట్లు. ఇవి రూటరు కంటే ముఖ్యం, జనం "రూటరు బాలేదు" అనేది చాలాసార్లు గోడల వెనక వైఫై అందకపోవడమే. వాటికి 18,000 వేసుకోండి. రెండు బిల్డింగుల మధ్య ఫైబర్ పనికి 12,000. బ్యాటరీ, ఎర్తింగ్, బిగింపు ఖర్చులు 10,000. మొత్తం 60,000. ఇంకా 1,25,000 మిగులుతుంది. లైను అద్దె నెలకు వెయ్యి అనుకుంటే 125 నెలలు, అంటే పదేళ్ళకు పైనే. దాన్ని బ్యాంకులో వేసి దాంతో లైను బిల్లు కడదాం. ఇప్పటిదాకా ఆ బిల్లు ఏ నెల ఏ టీచరు జేబులోంచి పోయిందో అడిగితే ఎవరూ సరిగా చెప్పడం లేదు.

డబ్బా మీద దాతల పేర్లు రాయించాలని ఒక ప్రతిపాదన ఉంది. అరచేయంత డబ్బా మీద యాభై మంది పేర్లు పట్టవు. దానికి బదులు దాని పక్కన గోడకు ఒక కాగితం అంటిద్దాం, లామినేషన్ చేయించి. ఏ దీపం ఎలా వెలగాలి, ఆరితే మొదట ఏం చూడాలి, లైను నంబరు ఎంత, ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఆ తర్వాత నా నంబరు, నేను ఎత్తకపోతే ఇంకో ఇద్దరి నంబర్లు. పాస్‌వర్డు మాత్రం గోడ మీద కాదు, సీలు వేసిన కవరులో బీరువాలో. హెడ్‌మాస్టరు గారు బదిలీ అయితే చార్జి ఇచ్చే జాబితాలో ఆ కవరు కూడా ఉండాలి. ఈ ఒక్క వాక్యం నేను ఆ రొయ్యల సంస్థలో రాసి ఉంటే ఆ శనివారం కూలి ఆగేది కాదు.

ఇక మొదట చెప్పిన ఉక్కు పెట్టె దగ్గరికి వస్తాను. నిన్న ల్యాబులో మూత తీసి చూస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి పక్కనే నిలబడింది. పోయినేడు ఆటోలో వెళ్ళిన నలుగురిలో ఒకామె చెల్లెలట. చాలాసేపు చూసి, "సార్, ఇది ఆగిపోతే మేం ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకుంటే కొడతామని చెప్పి ఉంటారు. మా రోజుల్లో సైన్సు ల్యాబు అల్మరాకు కూడా తాళమే, ఆ తాళం చెవి మాస్టారి జంధ్యానికి ఉండేది. మాస్టారూ క్షమించాలి, మీరు నవ్వుతున్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముట్టుకోవచ్చమ్మా అన్నాను. తొమ్మిదో తరగతి నుంచి నలుగురిని ఎంచమని హెడ్‌మాస్టరు గారిని అడిగాను. పదో తరగతి వాళ్ళు వద్దు, పరీక్షలు, ఆ తర్వాత వెళ్ళిపోతారు. తొమ్మిది వాళ్ళయితే ఏడాది ఉండి, పోయేముందు కిందివాళ్ళకు నేర్పుతారు. నిన్న సాయంత్రం ఆ నలుగురికీ మా ఇంట్లోంచి తెచ్చిన రెండు పాత రూటర్లతో నేర్పాను. ఏ తీగ ఎక్కడ, ఏది ముందు తీయాలి, బీరువాలోది ఎలా పెట్టాలి. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. నాలుగోసారి మూడు నిమిషాల పది సెకన్లు.

ఈ రోజు మూడింటికి ల్యాబులో, మీ అందరి ముందు, నేను గోడ మీద డబ్బా తీగ పీకేస్తాను. ఆ నలుగురూ మళ్ళీ నెట్ తెప్పించాలి. గడియారం లెక్కల మాస్టారి చేతిలో ఉంటుంది. భోజనాలు కాగానే కొంచెం త్వరగా రండి, ఆ గదిలో ముప్పై మందికి మించి పట్టరు. ఇంట్లో వాడకుండా పడేసిన రూటర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఈసారి ఊరికి వచ్చినప్పుడు తెచ్చి హెడ్‌మాస్టరు గారికివ్వండి, పిల్లలు విప్పి చూసుకుంటారు.